శనివారపు బల్ల

మా మావయ్య పోయాడన్న కబురు నాకు బడి దగ్గర తెలిసింది. పిల్లల చేత ఎక్కాలు అప్పచెప్పించుకుంటున్నాను. మా వీధిలో గిన్నెల కొట్టు పెట్టుకున్నాయన గుమ్మం దగ్గర నిలబడి, కండువాతో మొహం తుడుచుకుంటూ, ఒకసారి ఇవతలికి రమ్మని సైగ చేశాడు.

"పంతులమ్మగారూ, మీ మావయ్యగారు వెళ్ళిపోయారండీ. పొద్దున మజ్జిగ తాగి నడుం వాల్చారట, మళ్ళీ లేవలేదు," అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన మీద నాకు జన్మలో కోపం ఉండేది కాదు. ఆగలేదు. "ఎంత పెద్దమనిషండీ! అన్నేళ్ళు కొట్టు నడిపి ఒక్కరి చేత మాట పడలేదు," అన్నాడు.

ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. మా మావయ్య మాట పడలేదా? వారం వారం, వీధంతా వినేట్టు, తిట్టేవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ మాట పడ్డాడు. మాట పడటం ఆయన వ్యాపారంలో సగం. ఈ గిన్నెల కొట్టాయన కూడా కొబ్బరిబోండాల కత్తి పిడి ఊడిందని మావయ్య కొట్టు ముందు బల్ల మీద కూర్చుని అరగంట సేపు తిట్టినవాడే. ఇప్పుడు అదంతా మింగేసి, కళ్ళు తుడుచుకుంటూ, మాట పడలేదంటున్నాడు.

పోయినవాళ్ళని పొగడటం లోకం తీరు. పొగడ్తలో కాస్త అబద్ధం కలిసినా తప్పులేదంటారు. కానీ ఒక మనిషి బతుకంతా పట్టుకు వేళ్ళాడిన పనిని అసలు చెయ్యనే లేదని పొగిడితే ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

మావయ్యది బెజవాడలో కాలువ గట్టుకు దగ్గరగా కత్తుల కొట్టు. కత్తులంటే యుద్ధాలు చేసేవి కావు. కత్తిపీటలు, చాకులు, కత్తెరలు, అడకత్తెరలు, కొడవళ్ళు. మా అమ్మ పోయాక నేను పెరిగింది ఆ కొట్టు వెనకాల ఇంట్లోనే. పెళ్ళయ్యాక కాపురం పెట్టింది ఆ పక్క వాటాలోనే. కాబట్టి నేను చెప్పేది ఎవరి నోటో విన్నది కాదు.

కొట్టులో ఆయనకీ కొనేవాళ్ళకీ మధ్య వెడల్పాటి టేకు చెక్క ఒకటి ఉండేది. కత్తి చేతికిస్తే తగువు వస్తుందన్నది మనవాళ్ళందరికీ ఉన్న నమ్మకమే. మావయ్య కత్తిని ఆ చెక్క మీద పెట్టేవాడు, పిడి వాళ్ళ వైపు, పదును తన వైపు. వాళ్ళు చూసి మళ్ళీ చెక్క మీదే పెట్టాలి. కంగారులో ఎవరైనా చేతికి ఇవ్వబోతే, చేతులు వీపు వెనక దాచుకుని, "చెక్క మీద బాబూ, చెక్క మీద" అనేవాడు. పదును ఎప్పుడూ తన వైపే ఎందుకని ఒకసారి అడిగితే, "అమ్మేవాడికి కాస్త భయం ఉండాలమ్మాయ్" అన్నాడు.

కత్తిపీట కొనవలసిన ఇల్లాళ్ళు చాలామంది కొట్టుదాకా వచ్చేవారు కాదు. మగవాళ్ళని పంపేవారు. ఆ మగవాళ్ళు బొటనవేలితో పదును రాసి చూసి, అంతా తెలిసినట్టు తల ఊపేవారు. మావయ్య నవ్వు బిగబట్టుకుని, "తీసుకెళ్ళండి. వారం పాటు ఇంట్లో వంట చెయ్యనివ్వండి. కంద కొయ్యమనండి, గుమ్మడికాయ కొయ్యమనండి. వద్దంటే తెచ్చెయ్యండి. కత్తికి తీర్పు చెప్పవలసింది వంటిల్లు. నేనూ కాదు, మీరూ కాదు" అనేవాడు. వారం వాడి, కంద జిగురు కూడా కడగకుండా అలాగే తెచ్చి పడేసినవాళ్ళూ ఉన్నారు. ఆయన అదే కడిగి, మళ్ళీ సాన పట్టి, ఇంకొకళ్ళకి ఇస్తూ, "ఇది ఒక ఇంట్లో పనికిరాదనిపించుకుని వచ్చిందండీ" అని ముందే చెప్పేవాడు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ మాటే అత్తయ్య అనేది. ఆయన విననట్టు ఊరుకునేవాడు.

ఇక శనివారం సంగతి. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోకూడదు. ఈ సంగతి తెలియని కొంప మన వైపు లేదు. అందుకని ఇనుప సరుకు అమ్మేవాళ్ళు ఆ రోజు పొద్దెక్కేదాకా పడుకునేవారు. మావయ్య మాత్రం పొద్దున్నే తలుపులు తీసి, అరుగు మీద ఒక పొడుగుపాటి బల్ల వేసేవాడు. కూర్చున్నవాళ్ళ మొహం వీధి వైపు ఉండేట్టు వేసేవాడు. ఆ రోజు అమ్మకం లేదు. తన దగ్గర కొన్న ఏ వస్తువు మీద ఏ ఫిర్యాదు ఉన్నా, వచ్చి ఆ బల్ల మీద కూర్చుని చెప్పుకోవచ్చు. మావయ్య కింద పీట మీద కూర్చుని వినేవాడు. పక్కన సానరాయి, కుండలో నీళ్ళు.

"తిట్టించుకునేదేదో లోపల తిట్టించుకోకూడదా మావయ్యా? దారిన పోయేవాళ్ళందరూ వింటున్నారు," అన్నాను ఒకసారి.

"కొనేవాడు గుసగుసగా కొన్నా ఫర్వాలేదు. తిట్టేవాడు మాత్రం వీధికి వినపడేట్టు తిట్టాలి. అప్పుడే నాకు సిగ్గేస్తుంది. సిగ్గేస్తేనే కమ్మరి దగ్గర గట్టిగా మాట్లాడతాను," అన్నాడు.

వచ్చినవాళ్ళు చెప్పేదంతా చెప్పి ఆగాక ఆయన ఒకటే మాట అడిగేవాడు. "ఇంకా?" అని. వాళ్ళు ఇంకో ముక్క చెప్పేవారు. మళ్ళీ "ఇంకా?" అనేవాడు. "మొదట చెప్పేది అసలుది కాదమ్మాయ్. అసలుది చెప్పడానికి మనిషి మొహమాటపడతాడు. అడగాలి," అనేవాడు నాతో.

కొండపల్లి నుంచి బొమ్మలు చెక్కే ఆయన ఒకడు వచ్చేవాడు. ఒక శనివారం ఆ మనిషి బల్ల మీద కూర్చుని, చిన్న చాకు ఒకటి పక్కన పడేసి, "పిడి చేతిలో ఇమడట్లేదయ్యా" అన్నాడు.

"ఇంకా?"

"మొన మరీ మందంగా ఉంది."

"ఇంకా?"

ఆ మనిషి కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏనుగు తొండం చెక్కుతుంటే విరిగిపోతోంది. వరసనే ఎన్ని ఏనుగులో! మా ఆవిడ నా చెయ్యి వణుకుతోందంటోంది. తప్పు కత్తిదేనని నీ నోటితో ఒక్క ముక్క చెప్పు, పోయి దానితో చెప్పుకుంటాను" అన్నాడు.

మావయ్య చాకు చూశాడు. బొమ్మలాయన దగ్గరున్న మెత్తటి చెక్క తీసుకుని రెండు చెక్కులు చెక్కి చూశాడు. "మొన మందంగా ఉన్న మాట నిజమే, అది నా తప్పు. సన్నంగా చేయించి ఇస్తాను. చెయ్యి వణకడం కూడా నిజమే. అది నా తప్పు కాదు," అన్నాడు.

ఆ బొమ్మలాయన కోపంతో లేచి నిలబడి, మావయ్యనీ, మావయ్య కొట్టునీ కలిపి, కాలువ అవతలికి వినపడేట్టు తిట్టి పోయాడు. మొన సన్నం చేసిన చాకు మళ్ళీ వారం వచ్చి తీసుకున్నాడు. ఆ తరువాత ప్రతి ఏడూ వచ్చేవాడు. ఆ బొమ్మలాయన భార్య మావయ్యకి ఒకసారి చిన్న ఏనుగు బొమ్మ పంపింది, తొండం తిన్నగా ఉన్నది.

ఇన్ని మాటలు విన్న మనిషి ఇంట్లో మాత్రం ఒక్క మాట పడేవాడు కాదు. ఇది కూడా రాయాలి, లేకపోతే నేనూ గిన్నెల కొట్టాయన బాపతే అవుతాను. పెరటి తలుపు గడియ ఊడి ఎన్నాళ్ళో అయిందని అత్తయ్య అంటే చాలు, కండువా దులిపి భుజాన వేసుకుని వీధిలోకి నడిచేవాడు. అత్తయ్య చూసి చూసి ఒక శనివారం, వంటింటి కత్తిపీట చేత పట్టుకుని, పెరటి దారిన చుట్టు తిరిగి వీధిలోకొచ్చి, ఆ బల్ల మీద కూర్చుంది.

"ఏమండీ కొట్టాయనగారూ, ఈ పీట ఒక పక్కకి ఒరుగుతోంది," అంది.

మావయ్య తల ఎత్తలేదు. "ఇంకా?" అన్నాడు అలవాటు కొద్దీ.

"మా పెరటి తలుపుకి గడియ లేదు."

"ఇంకా?"

"మా ఆయన ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ వింటాడు. నా మాట ఒక్కటే వినడు."

వీధంతా ఘొల్లుమంది. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే గడియ బిగించాడు, పీట సరిచేశాడు. మూడో ఫిర్యాదుకి మాత్రం ఆయన దగ్గర మందు లేకపోయింది. అత్తయ్య ఆఖరిదాకా ఆ మాట అంటూనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తల్లో మా వీధిలోనే, నాలుగు కొట్ల అవతల, ఇంకో కత్తుల కొట్టు వెలిసింది. అద్దాల బీరువాలు, ముఖమల్ గుడ్డ మీద పరిచిన చాకులు, చూడటానికి రెండు కళ్ళూ చాలేవి కావు. కొనేటప్పుడు మర్యాద అంతా ఇంతా కాదు. "రండి బాబూ, కూర్చోండి, సోడా తాగండి" అని పిలిచి కుర్చీ వేసేవాడు. కొన్నది వెనక్కి తెస్తే మాత్రం, "వాడటం చేతకాలేదండీ మీకు" అని నవ్వుతూనే అనేవాడు. ఎవరైనా గొంతు పెంచబోతే లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడేవాడు. బయటికి వచ్చిన మనిషి తల దించుకుని వెళ్ళిపోయేవాడు. నాకు కత్తి వాడటం చేతకాదని ఎవడు మాత్రం వీధిలో చెప్పుకుంటాడు?

దాంతో ఏమైంది? శనివారం వచ్చిందంటే మా కొట్టు ముందు గోల. ఆ కొట్టు ముందు ఏడాది పొడుగునా నిశ్శబ్దం. పల్లెటూరి నుంచి బేరానికి వచ్చినవాడు రెండూ చూసి ఏమనుకుంటాడు? "వారం వారం ఇంతమంది తిట్టిపోస్తున్నారంటే ఇక్కడ సరుకు ఎలాంటిదో! అక్కడ చూడు, ఒక్కడూ నోరెత్తడు." ఈ మాట నేను నా చెవులతో విన్నాను. పల్లెటూరివాళ్ళ దగ్గరే కాదు, మా బడిలో పాఠాలు చెప్పే మహానుభావుల దగ్గర కూడా విన్నాను. పైగా, శనివారం పొద్దున్నే ఇనుప కొట్టు తలుపు తీసేవాడికి శని పట్టక ఏం పడుతుందని ఒక మాట పుట్టించారు. అది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, సోడా తాగి వచ్చినవాళ్ళ నోటి వెంటే వినపడేది.

ఫిర్యాదు వినే కొట్టుకు ఫిర్యాదుల కొట్టని పేరొచ్చింది. విననివాడికి మంచి పేరొచ్చింది. ఊళ్ళో కొట్టుకి మంచి పేరు ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే.

బల్ల లోపల వేసుకోమని బతిమాలాను. "తిట్టడానికి వచ్చినవాడు ఇంకా మనవాడే అమ్మాయ్. రాకుండా పోయినవాడే పోయినట్టు," అన్నాడు. అని, సానరాయి మీద నీళ్ళు చల్లుకున్నాడు.

యుద్ధం ముదిరాక మంచి ఇనుము దొరకడం గగనమైంది. మావయ్యకి ఏళ్ళ తరబడి కొడవళ్ళు చేసి ఇచ్చే కమ్మరి ఇబ్రహీంపట్నం వైపు ఉండేవాడు. ఇనుము లేక ఆయన కొలిమి చల్లబడింది. అవతల కోతలు ముంచుకొస్తున్నాయి. దిగువ ఊళ్ళ నుంచీ, నది మధ్య లంకల నుంచీ పడవల్లో వచ్చిన కోతకూలీలు కొట్టు ముందు నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడు ఎవడో దళారీ పడవ నిండా తయారు కొడవళ్ళు తెచ్చాడు. మావయ్య చేతికందిన కొన్నిటితో గడ్డి కోసి చూశాడు. తెగింది. అన్నీ చూసే వ్యవధి లేదు. చూడకుండా ఆయన అమ్మిన సరుకు బతుకు మొత్తానికి అదొక్కటే. ఆ పడవలో సగం మావయ్య తీసుకుని పిడి మీద తన మూడు చుక్కల గుర్తు కాల్చి వేశాడు. మిగతా సగం ఆ అద్దాల కొట్టాయన తీసుకుని తన చేప గుర్తు వేసుకున్నాడు.

మళ్ళీ శనివారం లంక నుంచి ఒక కోతమనిషి వచ్చింది. నోరున్న మనిషి. అంతకు ముందు కూడా రెండు మూడుసార్లు వచ్చి మావయ్యని దులిపేసి పోయింది. ఈసారి మణికట్టుకి పాతగుడ్డ చుట్టుకుని ఉంది.

"ఏందయ్యా కొట్టాయనా! నీ కొడవలికి వరి తెగట్లా, నా చెయ్యి తెగుద్ది!" అంటూ వచ్చి బల్ల మీద కూర్చుంది. పొద్దున కోత మొదలెడితే అన్నం వేళకే మొండిదైపోయిందట. మొండి కొడవలి జారి చేతికి తగిలిందట.

"ఇంకా?" అన్నాడు మావయ్య.

"ఇంకా ఏముంది? అందరూ గట్టెక్కి కూకున్నారు. వరిమళ్ళో నేనొక్కదాన్నే ఒంగోనున్నా."

"ఇంకా?"

అప్పటిదాకా వీధంతా వినపడిన గొంతు ఒక్కసారి తగ్గింది. "మేస్త్రి రేపటి నుంచి రావద్దన్నాడు. నీ కొట్టని నమ్మి కొన్నా."

మావయ్య ఆ కొడవలిని చెక్క మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. పైపైన పదును పెట్టారు గానీ లోపల ఇనుములో సత్తువ లేదు. శనివారమని చూడకుండా ఆమెకి పాత సరుకులోంచి మంచి కొడవలి ఒకటి ఏరి ఇచ్చి పంపాడు. ఎవరైనా అక్కడితో ఊరుకుంటారు. ఆయన మర్నాడే కాలువ వెంబడి ఊళ్ళల్లో డప్పు వేయించాడు. ఫలానా కొట్టులో ఈ కోతలకి కొన్న మూడు చుక్కల కొడవళ్ళు మొండివి, తెచ్చి ఇచ్చినవాళ్ళకి మంచివి ఇస్తాం అని.

"తెచ్చినవాళ్ళకి మారుస్తున్నావు కదా. తేనివాళ్ళని పిలిచి మరీ చెప్పుకోవడం ఎందుకు?" అని పోట్లాడాను.

"పడవెక్కి వచ్చి తిట్టే ఓపిక అందరికీ ఉండదమ్మాయ్," అన్నాడు.

పాత బండి చక్రాల ఇనుప పట్టాలు ఎక్కడెక్కడివో కొనుక్కొచ్చి, కమ్మరి కొలిమి మళ్ళీ వెలిగించి, రాత్రనక పగలనక కొడవళ్ళు కొట్టించాడు. జనం వచ్చారు. మూడు చుక్కలవే కాదు, చేప గుర్తువి పట్టుకుని కూడా వచ్చారు. రెండూ ఒకే పడవలో దిగినవి కదా, అవీ అంతే మొండివి.

"ఇవి మనవి కావు మావయ్యా. అక్కడికే పొమ్మను," అన్నాను.

"వెళ్ళే వచ్చారట. చేతకాలేదన్నాడట," అన్నాడు. చేప గుర్తు కొడవలి ఒక పక్కన పెట్టి, కొత్తది చెక్క మీద పెట్టాడు. "ఎక్కడ కొన్నా కోత ఆగిపోవడం ఒకటేగా."

కోతలు అయ్యేసరికి కొట్టు ఖాళీ అయింది. పేరు దానికంటే ముందే ఖాళీ అయింది. డప్పు ఎవరి కొట్టు పేరు మీద మోగింది? మా కొట్టు పేరు మీద. మొండి కొడవళ్ళు అమ్మింది ఎవరంటే సముద్రందాకా ఉన్న ఊళ్ళల్లో పిల్లవాడు కూడా మా పేరే చెప్పేవాడు. "మా సరుకు మీద డప్పు ఎందుకు మోగలేదో మీరే ఆలోచించుకోండి" అనేవాడట అద్దాల కొట్టాయన, సోడా ఇస్తూ. జనం ఆలోచించుకున్నారు. మరుసటి ఏడాది కోతలకి అందరూ అక్కడే కొన్నారు.

విడ్డూరం ఏమిటంటే, శనివారం బల్ల ఖాళీ కాలేదు. చేప గుర్తు కత్తి పిడి ఊడితే ఇక్కడికే, చేప గుర్తు కత్తెర బిగుసుకుపోతే ఇక్కడికే. కొనడానికి అక్కడికి, తిట్టడానికి ఇక్కడికి. మావయ్య అందరికీ సాన పట్టి పంపేవాడు. ఒకనాడు మావయ్య బజారు నుంచి వస్తుంటే, ఆ అద్దాల కొట్టు మెట్లు దిగుతున్న కొండపల్లి బొమ్మలాయన ఎదురుపడ్డాడు. ఆ మనిషి కొన్న పొట్లం గభాలున ఉత్తరీయం కింద దాచుకున్నాడు. మావయ్య ఇంటికొచ్చి ఆకలి లేదని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. పై శనివారం అదే బొమ్మలాయన అక్కడ కొన్న చాకు తెచ్చి బల్ల మీద కూర్చుంటే, "ఇంకా?" అని ఎప్పటిలాగే అడిగాడు. నాకైతే కుండలో నీళ్ళు వాడి నెత్తిన కుమ్మరించాలనిపించింది.

ఆ కోపం పట్టలేక ఆ సాయంత్రం బల్ల మీద నేనే కూర్చున్నాను. వీధిలో ఎవరెవరు ఏమేమి అంటున్నారో అన్నీ ఏకరువు పెట్టాను. శని పట్టిన కొట్టన్నారని చెప్పాను. తన తప్పు తనే డప్పు కొట్టించుకున్న వెర్రివాడన్నారని చెప్పాను. ఆయన పీట మీద కూర్చుని అంతా విన్నాడు.

"ఇంకా?" అన్నాడు.

"ఇంకా ఏముంది? నువ్వు ఓడిపోయావు మావయ్యా," అన్నాను.

"అదీ అసలు మాట," అన్నాడు. "నిజమే. ఓడిపోయాను. ఇంతకీ బల్ల తీసెయ్యమంటావా?"

"తీసెయ్."

"అది మాత్రం కుదరదు," అని లేచి లోపలికి వెళ్ళాడు.

ఆయన్ని నవ్వుతూ ఓడిపోయిన మనిషిగా రాస్తే బాగుంటుందేమో. కానీ ఆయన నవ్వలేదు. పేరు పోయిన బాధ ఆయన్ని తినేసింది. నడిచేటప్పుడు ఆ నాలుగు కొట్ల అవతలికి వెళ్ళకుండా చుట్టు తిరిగి కాలువ గట్టు మీదుగా పోయేవాడు. యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, ఇనుము మళ్ళీ దొరికింది. మావయ్య కొట్టులోకి మాత్రం కొడవళ్ళు మళ్ళీ రాలేదు. నాలుగు కత్తిపీటలు, ఒక సానరాయి, ఒక బల్ల, అంతే మిగిలింది.

పెద్దకర్మ నాడు వీధిలో వర్తకులంతా మా అరుగు మీద సంతాపం చెప్పడానికి చేరారు. పెద్దరికం అద్దాల కొట్టాయనది. పటానికి దండ వేసి, గొంతు సవరించుకుని, "ఆయన కొట్టు మీద ఏనాడూ ఒక్క ఫిర్యాదు రాలేదు. మాలాంటివాళ్ళకి ఆయనే దారి" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "వచ్చాయండీ. వారం వారం వచ్చాయి. మీ సరుకు మీదవి కూడా ఆయన దగ్గరికే వచ్చాయి," అన్నాను.

గిన్నెల కొట్టాయన, "పాపం, దుఃఖంలో ఉన్నారు. కాసిని మంచినీళ్ళు ఇవ్వండమ్మా" అన్నాడు.

తలుపు వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "దానికి నీళ్ళొద్దు. ఇంకా ఏమన్నా ఉంటే చెప్పనివ్వండి."

ఇంకా వినడానికి ఎవరూ ఆగలేదు. ఒక్కొక్కరే కండువాలు సర్దుకుని మెట్లు దిగారు.

ఆ పై శనివారం పొద్దున అత్తయ్య నా చేత అరుగు మీద బల్ల వేయించింది. కొట్టు తలుపులు మాత్రం తియ్యనివ్వలేదు. ఎందుకని నేనూ అడగలేదు. బడికి వెళ్ళే వేళకి చీర కుచ్చెళ్ళు సర్దుకుంటుంటే బయట చప్పుడైంది. వచ్చి చూస్తే, లంక నుంచి వచ్చే ఆ కోతమనిషి బల్ల మీద కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. ఒళ్ళో కొడవలి ఉంది. పిడి మీద చేప గుర్తు ఉంది.

"ఏడమ్మా కొట్టాయన? శనారం పూట తలుపేశాడేంది?"

"పోయాడు," అన్నాను.

ఆమె నా వైపు చూసింది, కొడవలి వైపు చూసింది. "మరిప్పుడు నేనెవర్ని తిట్టాలమ్మా?" అంది.

కబురు తెలిసిన నాటి నుంచి నాకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. "ఇది మా కొట్టుది కాదుగా," అన్నాను ఎలాగో.

"తెలుసమ్మా. మీ కాడ కొడవళ్ళేయి? ఆడ చెప్పుకుంటే ఎవడింటాడు?"

"అయితే తిట్టు. ఆయనకి చెప్పినట్టే చెప్పు," అన్నాను.

ఆమె వీధి వైపుకి సర్దుకుని కూర్చుని మొదలెట్టింది. కొడవలిని తిట్టింది, దాన్ని చేసినవాణ్ణి తిట్టింది, చేప గుర్తుని తిట్టింది, సోడా ఇచ్చినవాణ్ణి తిట్టింది. చెప్పాపెట్టకుండా పోయినందుకు మావయ్యని కూడా తిట్టింది. గిన్నెల కొట్టాయన బయటికొచ్చి చూసి గబగబా లోపలికి పోయాడు. నాలుగు కొట్ల అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

చెప్పేదంతా అయ్యాక, ఆమె కొడవలిని బల్ల మీద పెట్టి, మూసి ఉన్న కొట్టు తలుపు వైపు తిరిగి, ఎవరో అడుగుతారన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగింది. అసలు మాట ఆమె ఇంకా చెప్పలేదు.